వెనక్కి పిలిచిన బ్యాటరీ: రీకాల్ ఎవరి ఇంటిదాకా చేరుతుంది?

5.1 పరిచయం

వస్తువులో లోపం అంటే ఏమిటో, సేవలో లోపం అంటే ఏమిటో ఇంతకుముందు భాగాల్లో చదివారు. అక్కడ మనం చూసినవన్నీ ఒక వినియోగదారుడు, ఒక వస్తువు, ఒక ఫిర్యాదు తరహా ఉదాహరణలు. ఒకే లోపం వేల వస్తువుల్లో ఉండి, అవి వేల ఇళ్లలో ఉన్నప్పుడు ఏం చేయాలి? ప్రతి ఇంట్లోనూ ప్రమాదం జరిగి, ప్రతి ఒక్కరూ ఫిర్యాదు చేసేదాకా ఆగలేం కదా. తయారీదారే ముందుకు వచ్చి ఆ వస్తువులను వెనక్కి పిలిపించి, ఖర్చు తానే భరించి సరిచేయడాన్నీ, మార్చి ఇవ్వడాన్నీ, డబ్బు తిరిగి ఇవ్వడాన్నీ రీకాల్ అంటాం.

ఈ భాగం చదివాక మీరు విద్యుత్ వాహనాల బ్యాటరీలు ఎందుకు మండుతాయో, రీకాల్ గురించి మన చట్టం ఏం చెబుతోందో, ఆ చట్టం ఎక్కడ అందకుండా పోతుందో వివరించగలగాలి. మీ ఇంట్లో ఇలాంటి వాహనం ఉంటే దాని వివరాలు మీరే తెలుసుకోగలగాలి. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ ముఖ్యం.

5.2 నిజామాబాద్ ఘటన, 2022

2022 ఏప్రిల్ 20 తెల్లవారుజామున నిజామాబాద్ పట్టణంలోని ఒక ఇంట్లో విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలింది. స్కూటరు బయటే ఉంది. బ్యాటరీని మాత్రం విప్పి లోపలికి తెచ్చి, అర్ధరాత్రి దాటాక హాల్లో ఛార్జింగ్‌కు పెట్టారు. అదే హాల్లో నిద్రపోతున్న ఎనభై ఏళ్ల పెద్దాయన తీవ్రంగా కాలి చనిపోయారు. ఆయనను కాపాడబోయిన కుటుంబ సభ్యులకూ గాయాలయ్యాయి. స్కూటరు ప్యూర్ ఈవీ అనే కంపెనీది. హైదరాబాద్ ఐఐటీ ఆవరణలో ఊపిరి పోసుకున్న తెలుగునాటి కంపెనీయే అది. నిర్లక్ష్యం వల్ల మరణానికి సంబంధించిన 304-ఎ సెక్షన్ కింద పోలీసులు కేసు పెట్టారు.

మరుసటి రోజే, ఏప్రిల్ 21న, ఆ కంపెనీ రీకాల్ ప్రకటించింది. ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ అనే రెండు మోడళ్లలో సంబంధిత బ్యాచ్‌లకు చెందిన 2,000 వాహనాలను వెనక్కి పిలిచి, బ్యాటరీ ఆరోగ్యం పరీక్షిస్తామని, సెల్స్ మధ్య అసమతుల్యత ఉందేమో చూస్తామని, ఛార్జరునూ నియంత్రణ వ్యవస్థనూ సరిచూస్తామని, డీలర్ల ద్వారా వినియోగదారులందరినీ చేరుకుంటామని చెప్పింది. అంతకు అయిదు రోజుల ముందు ఒకినావా కంపెనీ 3,215 స్కూటర్లను, మూడు రోజుల తరువాత ఓలా కంపెనీ 1,441 స్కూటర్లను పిలిచాయి. కలిపి చూస్తే దాదాపు పది రోజుల్లో 6,656 వాహనాలు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ కూడా లోపమున్న బ్యాచ్‌లను వెంటనే వెనక్కి తీసుకోవాలని, నిర్లక్ష్యం చేసిన కంపెనీలకు భారీ జరిమానా తప్పదని అదే ఏప్రిల్ 21న ప్రకటించారు.

ఇంతవరకు పత్రికల్లో మీరు చదివే ఉంటారు. మన పాఠానికి అక్కర వచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఘటనపై ఇచ్చిన ప్రకటనలో కంపెనీ, ఆ వాహనాన్ని ఆ కుటుంబానికి అమ్మినట్టుగానీ సర్వీసు చేసినట్టుగానీ తమ డీలర్ల రికార్డుల్లో లేదని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారేమో పరిశీలిస్తున్నామని చెప్పింది. ఆ మాట ఎంతవరకు నిజమన్నది దర్యాప్తు తేల్చాల్సిన విషయం, మనం తీర్పు చెప్పక్కరలేదు. కానీ ఆ మాటను అలాగే తీసుకుని ఒక ప్రశ్న వేసుకోండి. అదే రీకాల్ ఒక నెల ముందే వచ్చి ఉంటే, రికార్డుల్లో పేరే లేని ఆ ఇంటికి కబురు ఎవరు చేరవేసేవారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే మిగతా పాఠమంతా. ముందు బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఏం పరీక్షిస్తారో తెలియకుండా రీకాల్ పత్రం చదివితే అది మందుల చీటీలాగే ఉంటుంది.

5.3 బ్యాటరీ లోపల

విద్యుత్ స్కూటరులో ఉండే బ్యాటరీ ఒకే ముక్క కాదు. ఉదాహరణకు 60 వోల్టుల, 2.5 కిలోవాట్-గంటల ప్యాక్‌ను తీసుకుందాం. దాన్ని 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే చిన్న లిథియం-అయాన్ సెల్స్‌తో కడితే, ఒక్కో సెల్‌లో సుమారు 9 వాట్-గంటల శక్తి ఉంటుంది కాబట్టి దాదాపు 280 సెల్స్ కావాలి. కొన్ని సెల్స్‌ను పక్కపక్కన కలిపి ఒక గుంపు, అలాంటి పదహారు గుంపులను ఒకదాని వెనుక ఒకటి కలిపితే ప్యాక్ అవుతుంది.

అందులో ఎంత శక్తి ఉంటుందో ఒక లెక్క వేయండి. 2.5 కిలోవాట్-గంటలంటే 90 లక్షల జౌళ్లు. 20 డిగ్రీల దగ్గర ఉన్న 27 లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తేవడానికి అది సరిపోతుంది. రెండు బిందెల నీళ్లు మరిగించే వేడి పాలడబ్బా పెట్టెంత చోటులో కుదించి ఉందన్నమాట. మంట అంటుకుంటే లోపలి ద్రావణం మండినప్పుడు పుట్టే వేడి దీనికి అదనం.

ప్రతి సెల్‌లోనూ రెండు ఎలక్ట్రోడ్‌లు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని సెపరేటర్ అంటారు. పొర చుట్టూ ఉన్న ద్రావణం మండే స్వభావం కలది. ఏ కారణంగానైనా సెల్ వేడెక్కి సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్యకు చేరితే, నెగటివ్ ఎలక్ట్రోడ్ మీద ఉండే రక్షణ పొర విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఆ చర్యే మరికొంత వేడి పుట్టిస్తుంది. 130 డిగ్రీల ప్రాంతంలో పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. ఎలక్ట్రోడ్‌లు తగులుకుంటాయి, లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. 200 డిగ్రీలు దాటితే కొన్ని రకాల పాజిటివ్ ఎలక్ట్రోడ్ పదార్థాలు తమలోని ఆక్సిజన్‌ను వదులుతాయి. మండే ద్రావణం, వేడి, ఆక్సిజన్ మూడూ ఒకే డబ్బాలో సిద్ధమయ్యాక మంటకు బయటి గాలితో పని తక్కువ. ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు వేడి పాకుతుంది. దీనినే థర్మల్ రన్‌అవే అంటారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్స్ ఆక్సిజన్‌ను అంత తేలికగా వదలవు. అవి ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, బరువు మాత్రం కొంచెం ఎక్కువ.

మొదటి వేడి ఎక్కడ నుంచి వస్తుంది? తయారీలో పడిన లోహపు రేణువు కావచ్చు, మడత పడిన సెపరేటర్ కావచ్చు, కింద పడినప్పుడు తగిలిన దెబ్బ కావచ్చు. రీకాల్ ప్రకటనలో వచ్చిన ‘అసమతుల్యత’ అనే మాటను మాత్రం ప్రత్యేకంగా చూద్దాం. పదహారు గుంపులు పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు ఒక్కోటి 4.2 వోల్టుల వద్ద ఉండాలి. మొత్తం 67.2 వోల్టులు. ఛార్జరుకు కనిపించేది ఈ మొత్తమే. ఒక గుంపు బలహీనపడి, మిగతా వాటికన్నా ముందే నిండిపోతుందనుకోండి. పదిహేను గుంపులు 4.18 వోల్టుల దగ్గర ఉంటే వాటి మొత్తం 62.7. పదహారో గుంపు 4.5 వోల్టులకు చేరినా మొత్తం 67.2 వోల్టులే. బయటి నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, లోపల ఒక గుంపు మాత్రం ప్రమాదకరంగా ఎక్కువ ఛార్జ్ అవుతుంది. దీన్ని పట్టుకోవలసింది బ్యాటరీ నియంత్రణ వ్యవస్థ, వాడుకలో బీఎంఎస్. అది ప్రతి గుంపును విడిగా కొలిచి, ఒక్కటి హద్దు దాటినా ఛార్జింగ్ ఆపాలి. చౌకరకం బీఎంఎస్ ఈ పని సరిగా చేయదు.

ఎండాకాలం సంగతి చెప్పకుండా ఇందూరు ప్రాంతపు విద్యార్థులకు ఈ పాఠం పూర్తికాదు. లిథియం-అయాన్ సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన స్థితిలో ఛార్జ్ చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి ఉష్ణోగ్రతే ఆ దరిదాపులకు పోతుంది. ఎండలో పాతిక కిలోమీటర్లు నడిచి వచ్చిన బండి బ్యాటరీ అంతకన్నా వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే రేకుల గదిలో ప్లగ్గుకు తగిలించడం మంచిది కాదు. అయితే నిజామాబాద్ బ్యాటరీ పేలింది తెల్లవారుజామున. అప్పుడు గాలి కాస్త చల్లబడే ఉంటుంది. అందుచేత ప్రతి ప్రమాదానికీ ఎండనొక్కదాన్నే దోషిగా నిలబెట్టడం శాస్త్రానికి నిలవదు. మన ఎండలు తెలిసి ఇక్కడ అమ్మే వస్తువు మన ఎండలకు తట్టుకోవాలి కూడా.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టడం గురించీ ఇదే మాట. ‘హాల్లో ఎందుకు పెట్టుకున్నారు’ అని అడగడం తేలిక. మేడ మీద అద్దెకున్నవారికి కింద ప్లగ్గు ఉండదు, ఉన్నా ఇంటి యజమాని మీటరు వేరు, వీధిలో వదిలితే బ్యాటరీ పోతుందన్న భయం. విప్పి ఇంట్లోకి తెచ్చుకోవచ్చన్నదే ఇలాంటి బ్యాటరీల ప్రచారంలో ముఖ్యమైన ఆకర్షణ. అమ్మకందారు చూపించిన సౌకర్యాన్ని వాడుకున్న కుటుంబాన్ని తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు.

నిజామాబాద్ ఘటన జరిగిన మూడు రోజులకే విజయవాడలో, ముందురోజు కొన్న బూమ్ మోటార్స్ స్కూటరు బ్యాటరీ పడకగదిలో ఛార్జింగ్‌లో ఉండగా పేలి, ఇంటి యజమాని మరణించారు. కొన్న మరుసటి రోజే జరిగిన దానికి వాడకంలో నిర్లక్ష్యం అనే కారణం చూపడం ఇంకా కష్టం. ఆ తరువాత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తనంత తానుగా ప్యూర్ ఈవీ, బూమ్ మోటార్స్ రెండింటికీ నోటీసులు ఇచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పై ఉదాహరణలో పదిహేను గుంపులు 4.16 వోల్టుల దగ్గర ఉండి, మొత్తం 67.2 వోల్టులు ఉంటే పదహారో గుంపు ఎన్ని వోల్టుల దగ్గర ఉన్నట్టు? ఛార్జరు దాన్ని ఎందుకు గుర్తించలేదు?

5.4 చట్టం ఏమంటుంది

మన దేశంలో 2012 జూలై నుంచి వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళిని పాటిస్తోంది. చట్టబద్ధమైన రీకాల్ మాత్రం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చింది. అప్పుడు చేర్చిన 110-ఎ సెక్షన్ ప్రకారం, ఒక రకం వాహనంలోని లోపం పర్యావరణానికి గానీ, నడిపేవారికి, అందులో ప్రయాణించేవారికి, దారిలో పోయేవారికి గానీ హాని చేసేదైతే, కేంద్ర ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేసినా, పరీక్షా సంస్థ చెప్పినా, మరో మార్గంలో తెలిసినా ఆదేశం ఇవ్వవచ్చు. తయారీదారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా అంతే మంచిదో అంతకన్నా మెరుగైనదో మరో వాహనం ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. దీని అమలు నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. అవి ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. ప్రభుత్వం ఆదేశిస్తే జరిగే రీకాల్‌లో జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది. తయారీదారే లోపం గుర్తించి, ప్రభుత్వానికి తెలిపి రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. 2022 ఏప్రిల్‌లో జరిగిన మూడూ ఈ స్వచ్ఛంద పద్ధతిలోవే.

జరిమానా మినహాయింపును కొందరు విమర్శిస్తారు. నాకైతే అది సబబుగానే కనిపిస్తుంది. ఒప్పుకున్నవాడికి శిక్ష వేస్తే తరువాతివాడు లోపాన్ని దాచిపెడతాడు. బాధపడాల్సింది వేరే చోట.

చట్టంలో ‘మోటారు వాహనం’ అన్న మాట ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 0.25 కిలోవాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండి, బ్యాటరీ కాకుండా 60 కిలోల బరువు మించని బ్యాటరీ బండి, పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, మోటారు వాహనం కిందికే రాదు. దానికి నంబరు ప్లేటు లేదు, లైసెన్సు అక్కరలేదు. కాలేజీ పిల్లలకూ పెద్దవాళ్లకూ కొనిచ్చే బండ్లు చాలావరకు ఇవే. నంబరు లేదంటే ప్రభుత్వ రిజిస్టరులో యజమాని పేరు కూడా లేదు. లోపల ఉన్నది మాత్రం అదే లిథియం బ్యాటరీ. ఇలాంటి బండి విషయంలో మీకు దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాని 20వ సెక్షన్ కింద ప్రాధికార సంస్థ ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకోమని, ధర తిరిగి ఇవ్వమని ఆదేశించగలదు. అదే చట్టంలోని ఆరో అధ్యాయం లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారును, అమ్మకందారును బాధ్యులను చేస్తుంది.

2022 ఘటనల తరువాత హైదరాబాద్‌లోని ఆర్కీ పరిశోధన సంస్థ డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. దాని సిఫారసుల మీద బ్యాటరీ భద్రతా ప్రమాణం ఎ.ఐ.ఎస్.-156ను కఠినం చేశారు. 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ. సెల్స్ మధ్య తగినంత ఎడం, ఒక సెల్ వేడి ప్యాక్ అంతటికీ పాకినప్పుడు ఏమవుతుందో చూసే పరీక్ష, మెరుగైన బీఎంఎస్, సెల్ ఎప్పుడు ఎక్కడ తయారైందో గుర్తించే వీలు ఇందులో ఉన్నాయి. ఇవి కొత్త బండ్లకు. అంతకుముందు అమ్ముడై ఇప్పటికీ ఊళ్లలో తిరుగుతున్నవాటికి ఈ కట్టుదిట్టాలు లేవు. సెకండ్ హ్యాండ్ కొనేవారు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి.

5.5 కబురు చేరే దారి

బోధన్ వైపు పెద్దలకు శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ పనితీరు గుర్తుండే ఉంటుంది. 2015 డిసెంబరులో మూతపడక ముందు అది ఆసియాలోనే పేరున్న కర్మాగారం. చెరకు ఫ్యాక్టరీ నడవాలంటే ఏ రైతు ఏ చెలకలో ఎన్ని ఎకరాలు వేశాడు, ఏ రకం, మొక్క తోటా కార్శి తోటా, ఎప్పుడు కోతకు వస్తుంది అన్నదంతా రిజిస్టరులో ఉండాలి. దాన్ని బట్టే కటింగ్ ఆర్డరు రాస్తారు. తోట తెగులు పట్టిందంటే ఏ ఊరికి మనిషిని పంపాలో ఆ రిజిస్టరు చెబుతుంది. రీకాల్ కూడా అచ్చంగా ఇలాంటి రిజిస్టరు మీద ఆధారపడిన పని. తేడా ఒక్కటే. చెలక ఉన్నచోటే ఉంటుంది, స్కూటరు చేతులు మారుతుంది.

అది ఎలా మారుతుందో మీకు తెలియంది కాదు. నిజామాబాద్‌లో షోరూమ్‌లో కొన్న బండిని ఏడాది వాడి, బోధన్‌లో తెలిసినవారికి ఇస్తారు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు తీసుకుని, ఆర్‌సి మాత్రం పాత పేరు మీదే ఉంచేస్తారు. అక్కడి నుంచి కోటగిరికో వర్నికో, సాలూర దాటి మహారాష్ట్రలోని బిలోలికో పోతుంది. కంపెనీ దగ్గర ఉన్నది మొదటి యజమాని ఫోన్ నంబరు. రీకాల్ సందేశం ఆయనకు వస్తుంది. ‘మనం అమ్మేశాం కదా’ అని ఆయన చెరిపేస్తాడు. సందేశం పంపినట్టు కంపెనీ లెక్కల్లో ఉంటుంది, బండి మాత్రం కోటగిరిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. యాజమాన్య మార్పిడిని అదే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. చలానాల భయంతోనే ఇది చేయించుకునేవారు ఎక్కువ. రీకాల్ కబురు అందడానికీ ఇదే దారి అన్న సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో చిక్కు ఉంది. ఆర్‌సిలో ఉండేది ఛాసిస్ నంబరు. లోపం ఉన్నది బ్యాటరీలో. విప్పి పెట్టుకునే బ్యాటరీని అన్నదమ్ములు ఒకరి బండి నుంచి మరొకరి బండికి మార్చుకుంటారు. వారంటీ అయిపోయాక బయట మెకానిక్ దగ్గర పాత పెట్టెలో కొత్త సెల్స్ వేయిస్తారు. అప్పుడు ఛాసిస్ నంబరు జాబితాలో లేకపోయినా లోపమున్న బ్యాటరీ మీ ఇంట్లో ఉండవచ్చు. జాబితాలో ఉన్న బండికి తగిలించింది వేరే బ్యాటరీ కావచ్చు కూడా.

బండిని ఒకరు, లోపలి పరికరాన్ని మరొకరు తయారుచేసినప్పుడు వచ్చే ఈ చిక్కును అమెరికా చాలాకాలం కిందటే ఎదుర్కొంది. అక్కడ విహారయాత్రలకు ‘చక్రాల మీది ఇళ్లు’ వాడతారు. మనకు సినిమా తారల కారవాన్లుగా తెలిసినవి. వాటిలో డొమెటిక్, నార్‌కోల్డ్ కంపెనీల ఫ్రిజ్‌లు ఉండేవి. గ్యాస్ మంటతోగానీ విద్యుత్ హీటరుతోగానీ అమోనియా ద్రావణాన్ని వేడిచేసి చల్లదనం పుట్టించే రకం. వేడి గొట్టం పగిలి మంటలు రావడంతో వాటిని పెద్ద ఎత్తున రీకాల్ చేశారు. ఫ్రిజ్ కంపెనీకి కారవాన్ ఎవరి దగ్గర ఉందో తెలియదు. కారవాన్ కట్టిన కంపెనీకి మొదట కొన్నవారే తెలుసు. 1966 నాటి వాహన భద్రతా చట్టం కింద అక్కడ వాహనాలనే కాక వాహన పరికరాలను కూడా విడిగా రీకాల్ చేస్తారు. రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల నుంచి ప్రస్తుత యజమాని చిరునామా తీసుకుని ఉత్తరం పంపుతారు. మన 110-ఎ సెక్షన్‌లో కూడా విడిభాగంలో లోపం ఉంటే, ఆ భాగం అమర్చిన అన్ని రకాల వాహనాలనూ వెనక్కి పిలిపించే అధికారం ఉంది. అది పనిచేయాలంటే ఏ భాగం ఏ బండిలో ఉందో రాసిపెట్టిన పుస్తకం ఉండాలి.

అమెరికా నుంచే మరో ఉదాహరణ. షెవర్లే బోల్ట్ కార్ల బ్యాటరీల్లో ఒకే సెల్‌లో రెండు తయారీ లోపాలు కలిసి వచ్చినప్పుడు మంటలు లేస్తున్నాయని తేలింది. చిరిగిన ఎలక్ట్రోడ్ అంచు ఒకటి, మడతపడిన సెపరేటర్ ఒకటి. జనరల్ మోటార్స్ 2021లో ఆ కార్లన్నిటినీ, దాదాపు 1 లక్షా 40 వేలు, రీకాల్ చేసింది. కొత్త బ్యాటరీలు ఇవ్వడానికి నెలలు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా 90 శాతానికి మించి ఛార్జ్ చేయొద్దని, ఆరుబయటే నిలపాలని, రాత్రంతా ఛార్జింగ్‌లో వదలొద్దని చెప్పింది. మంచి రీకాల్ నోటీసులో ఈ రెండు భాగాలూ ఉంటాయి: చివరకు ఏం చేస్తారు, అప్పటిదాకా మీరేం చేయాలి. మీకు వచ్చిన నోటీసులో రెండోది లేకపోతే డీలరును రాతపూర్వకంగా అడగండి.

5.6 ఇంట్లో చేయదగినవి

కబురు రాకపోవచ్చని అనుకుని మొదలుపెట్టండి. బండి ఛాసిస్ నంబరు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు, ఛార్జరు మోడల్ మూడింటినీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచండి. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ నంబర్లు పంపి, ఏ రీకాల్‌లోనైనా ఉన్నాయా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. సెకండ్ హ్యాండ్ అని సంకోచించవద్దు. 110-ఎ సెక్షన్ రీకాల్ చేసేది వాహనాన్ని, మొదటి బిల్లు మీద ఉన్న పేరును కాదు. సరిచేసినందుకు డబ్బు అడిగితే రసీదు అడిగి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బండిలో లోపం మీరే గమనిస్తే కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. యజమానుల ఫిర్యాదుల సంఖ్యను బట్టి కూడా రీకాల్ ఆదేశం వస్తుందని పైన చదివారు. మీ ఒక్క ఫిర్యాదు ఆ లెక్కలో చేరుతుంది.

ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నదానికి నేను చెప్పే గుర్తు ఒకటే. అది మండితే ఇంట్లోవాళ్లు బయటికి పోయే దారి మూసుకుపోకూడదు. పడకగది వద్దు, గుమ్మం పక్క వద్దు, మెట్ల కింద వద్దు. నీడపట్టున వరండా మంచిది. చుట్టూ బట్టలు, పరుపులు, గ్యాస్ సిలిండరు ఉండకూడదు. బండి వచ్చాక అరగంటో గంటో చల్లారనివ్వాలి. కంపెనీ ఇచ్చిన ఛార్జరు, గోడకున్న ఎర్తింగ్ ఉన్న సాకెట్ వాడాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడొద్దు. అందరూ మేలుకుని ఉన్న సాయంత్రం పూట ఛార్జింగ్ పూర్తిచేయాలి. ఇంట్లో నడవలేని పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఈ జాగ్రత్తలు రెట్టింపు అవసరం. మంట మొదలయ్యాక వారిని లేపి బయటికి తీసుకుపోయే వ్యవధి ఉండదు.

పెట్టె ఉబ్బడం, బుసమన్న చప్పుడు, తియ్యటి రసాయనపు వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి, ఒక్కసారిగా మైలేజీ పడిపోవడం – వీటిలో ఏది కనిపించినా ఆ బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, విప్పకూడదు. పొగ వస్తుంటే ముందు మనుషులను బయటికి పంపండి. అందుబాటులో ఉంటే మెయిన్ స్విచ్ ఆపండి. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి కాబట్టి తడిగుడ్డ కట్టుకుని లోపలికి పోయే సాహసం చేయొద్దు. లిథియం-అయాన్ మంటను చల్లార్చడానికి నీళ్లు పనికివస్తాయి. కానీ ధారగా, చాలాసేపు, చాలా నీళ్లు కావాలి. కరెంటు ఆపిన తరువాతే పోయాలి. రెండు బకెట్లతో ఆగే మంట కాదది. ఆరినట్టు కనిపించి గంటల తరువాత మళ్లీ అంటుకోవచ్చు, అందుకని ఆ పెట్టెను ఇంట్లోకి తిరిగి తేవద్దు.

5.7 అభ్యాసం

ఈ కింది పనిని మీ అధ్యయన కేంద్రంలో తరువాతి సంపర్క తరగతికి చేసి తీసుకురండి. మీ వీధిలోగానీ ఊళ్లోగానీ విద్యుత్ ద్విచక్ర వాహనాలున్న అయిదు ఇళ్లకు వెళ్లండి. ప్రతి ఇంట్లో అడగవలసినవి: బండి కొత్తదా, చేతులు మారిందా, ఆర్‌సి ఎవరి పేరు మీద ఉంది, అసలు ఉందా, కంపెనీ దగ్గర ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నవారిదేనా, బ్యాటరీ ఎప్పుడైనా మార్చారా, ఛార్జింగ్ ఎక్కడ, ఏ వేళ పెడతారు, ఆ చోటుకు దగ్గరగా రాత్రి ఎవరు పడుకుంటారు. రేపు ఆ మోడల్‌కు రీకాల్ వస్తే అయిదింటిలో ఎన్ని ఇళ్లకు కబురు అందుతుందో, అందని ఇళ్లకు ఎందుకు అందదో ఒక్కో ఇంటికి రెండు వాక్యాల్లో రాయండి. అందని ఇల్లు తేలితే బండి, బ్యాటరీ నంబర్లు రాసుకుని కంపెనీకి పంపడంలో ఆ ఇంటివారికి సాయం చేయండి.